మామగారి మాట వినండి, డ్రమ్స్ దగ్గర మొదలుపెట్టండి

ప్రశ్న: మేం పిట్స్‌బర్గ్‌లో ఉంటాం. మా ఆఫీసులో ఒక పెద్దాయన రిటైరవుతూ నాకు పాత ఎల్పీ ఒకటి ఇచ్చారు. అహ్మద్ జమాల్ ట్రియో, ‘బట్ నాట్ ఫర్ మీ’, 1958. “మన ఊరి పిల్లాడే, విను” అన్నారు. ఆయన మాట కాదనలేక రికార్డు ప్లేయర్ కూడా కొన్నాను. చాలాసార్లు పెట్టాను. బాగానే ఉంది గానీ, నిజం చెప్పాలంటే హోటల్ లాబీలో వినిపించే సంగీతంలా ఉంది. మన పని మనం చేసుకుంటుంటే వెనకాల మోగుతూ ఉంటుంది, అంతే. కర్ణాటక సంగీతం కాస్త తెలుసు, ఇళయరాజా అంటే ప్రాణం, జాజ్ మాత్రం ఎప్పుడూ వినలేదు. విజయవాడ నుంచి వచ్చిన మా మామగారు మృదంగం వాయిస్తారు. ఆయనేమో “పియానో ఆయన సంగతి నాకు తెలీదు గానీ డ్రమ్ములాయన గట్టివాడోయ్” అంటూ రెండో పక్క మళ్ళీ మళ్ళీ పెట్టించుకుంటున్నారు. నేను వినలేకపోతున్నది ఏమిటి? ఈయనవి ఇంకా ఏవి వినాలి? చూస్తే డజన్ల కొద్దీ ఉన్నాయి. ముసలితనంలో చేసినవి కూడా కొనదగ్గవేనా? తొమ్మిది సీడీల పెద్ద పెట్టె ఒకటి కనపడింది, అది కొనెయ్యమంటారా? ఆ పెద్దాయన ఫోన్ చేసినప్పుడల్లా “విన్నావా?” అంటున్నారు. ఏం చెప్పాలో పాలుపోవడం లేదు.

జవాబు: హోటల్ లాబీ సంగీతంలా ఉందని రాసినందుకు మొహమాటపడకండి. అది నిజంగా హోటల్లోనే రికార్డయింది. షికాగో దక్షిణ భాగంలో పర్షింగ్ అనే హోటల్ ఉండేది. దాని లౌంజ్‌లో జమాల్ ట్రియోకి, అంటే పియానో, బేస్, డ్రమ్స్ వాయించే ముగ్గురికి, రోజువారీ కొలువు. 1958 జనవరి 16న అక్కడే మైకులు పెట్టి పట్టుకున్న కచేరీ మీ దగ్గరున్న ఎల్పీ. చెవి పెట్టి వింటే జనం గుసగుసలు కూడా వినిపిస్తాయి. మీ అభిప్రాయం కూడా కొత్తదేం కాదు. ఆ రోజుల్లో అమెరికా విమర్శకులు కొందరు జమాల్‌ని కాక్‌టెయిల్ పియానిస్టు అని తీసిపారేశారు. తాగుతూ కబుర్లు చెప్పుకునేవాళ్ళకి ఇబ్బంది లేకుండా వాయించేవాడని దాని అర్థం.

జనం మాత్రం వాళ్ళ మాట వినలేదు. ఆ రికార్డు బిల్‌బోర్డ్ పత్రిక వేసే అమ్మకాల పట్టికలో వందకు పైగా వారాలు ఉంది. పాట లేని వాద్య సంగీతానికి, అందులోనూ జాజ్‌కి, అది మామూలు విషయం కాదు. విమర్శకుల మాట వినని ఇంకో మనిషి, జాజ్‌లో పెద్ద పేరున్న ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్. షికాగోలో ఉన్న అక్క చెబితే 1950ల మొదట్లోనే వెళ్ళి విన్నాడు. ఆ తర్వాత తన పియానిస్టు రెడ్ గార్లండ్‌కి జమాల్‌లా వాయించమని చెప్పేవాడు. జమాల్ ఎత్తుకున్న పాటల్నే తనూ ఎత్తుకున్నాడు. 1956లో మైల్స్ బృందం రికార్డింగుల మధ్య గార్లండ్ ట్రియో ‘అహ్మద్స్ బ్లూస్’ వాయించింది. 1957లో గిల్ ఎవాన్స్ జమాల్ కట్టిన ‘న్యూ రుంబా’ని పెద్ద బృందానికి మలిచి మైల్స్‌తో చేయించాడు. మైల్స్‌కి జమాల్‌లో నచ్చినవి మూడు: చోటు వదలడం, తేలికైన వేలు, తక్కువ చెప్పడం. మీకు ‘ఏమీ జరగడం లేదు’ అనిపించిన చోటే ఆయనకి అంతా జరుగుతున్నట్టు అనిపించింది.

కర్ణాటక సంగీతానికి అలవాటుపడిన చెవి ముందు పాడే గొంతు వెంట పడుతుంది. శ్రుతి కదలదు, రాగం కదులుతుంది, మృదంగం పక్కన నడుస్తుంది. కాబట్టి మీరు ఇక్కడ కూడా పియానోలో ఆ గొంతుని వెతుకుతున్నారు. జమాల్ నాలుగు స్వరాలు పలికి ఊరుకుంటాడు. ఆ ఊరుకున్న చోట మీ ధ్యాస తెగి పోపు మీదికో ఫోన్ మీదికో పోతోంది. కానీ ఆయన ఆగాడంటే ఆ మాట మిగతా ఇద్దరిలో ఎవరికో అప్పగించాడన్నమాట. నా సలహా మొత్తం ఇంతే: పియానోని వదిలేసి మిగతా ఇద్దరి వైపు నుంచి ఈ రికార్డులోకి రండి. మీ మామగారు ఎవరూ చెప్పకుండానే ఆ దారి పట్టారు.

ఆయన అడుగుతున్న రెండో పక్క ‘పాయిన్సియానా’తో మొదలవుతుంది. ఎనిమిది నిమిషాలు దాటే పాట. మామగారి పక్కన కూర్చుని మొదటిసారి డ్రమ్స్ ఒక్కటే వినండి. వాయించేది వర్నెల్ ఫోర్నియర్. న్యూ ఆర్లీన్స్ మనిషి. ఆ ఊరి వీధి ఊరేగింపుల్లో పెద్ద డ్రమ్మూ దాని మీద తాళమూ ఒకరు, చిన్న డ్రమ్ము ఇంకొకరు పట్టుకుని నడుస్తారు. ఇద్దరూ కలిస్తేనే ఒక దరువు. ఫోర్నియర్ ఆ ఇద్దరి పనీ ఒక్కడే కూర్చుని చేస్తాడు. ఒక చేతిలో మామూలు పుల్ల బదులు మెత్తని తల ఉన్న మ్యాలెట్ ఉంటుంది, అందుకే ఆ గుమ్మనే శబ్దం. కాలు కింద హై-హ్యాట్ తాళాలు దెబ్బకీ దెబ్బకీ మధ్య కలుస్తూ ఉంటాయి. ఎనిమిది నిమిషాలూ అదే దరువు, వేగం మారదు. గొప్ప కోసం ఒక్క తిరకాసు కూడా వెయ్యడు. తని ఆవర్తనాలు వాయించిన మీ మామగారికి ఆ నిగ్రహం విలువ ఠక్కున తెలిసి ఉంటుంది. ఆయన చేత తొడ మీద వాయించి చూపించమనండి. చెయ్యి ఎక్కడ చిక్కుకుంటుందో అక్కడే ఆ దరువు రహస్యం ఉంది.

రెండోసారి బేస్ వినండి, అంటే నిలబెట్టి మీటే పెద్ద తీగల వాద్యం, డబుల్ బేస్. ఇక్కడ ఒక ముఖ్యమైన జాగ్రత్త. ఫోన్ స్పీకర్లోనూ, లాప్‌టాప్‌లోనూ, చవక రకం రికార్డు ప్లేయర్లకి ఉండే చిన్న స్పీకర్లలోనూ డబుల్ బేస్ సగానికి పైగా వినపడదు. మీకు లాబీ సంగీతంలా అనిపించడానికి అది కూడా ఒక కారణం కావచ్చు. ముగ్గురిలో ఒకడు మీ ఇంట్లోకి రావడమే లేదేమో! మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకోండి, లేదా ప్లేయర్‌ని సరైన స్పీకర్లకి కలపండి.

ఆ బేస్ వాయించేది ఇజ్రాయెల్ క్రాస్బీ. నా లెక్కలో ఈ రికార్డుకి అసలు కథానాయకుడు ఆయనే. షికాగోలోనే పుట్టాడు, జమాల్ కంటే పదకొండేళ్ళు పెద్ద. పదహారేళ్ళప్పుడే, 1935లో, డ్రమ్మర్ జీన్ క్రూపా రికార్డులో ఆయన బేస్ చుట్టూ అల్లిన ‘బ్లూస్ ఆఫ్ ఇజ్రాయెల్’ వచ్చింది. ఆ తర్వాత ఫ్లెచర్ హెండర్సన్ బృందంలో వాయించాడు. అప్పటి బేసిస్టులు చాలామంది మాత్రకొక స్వరం చొప్పున నడిపిస్తూ పోయేవారు. క్రాస్బీ అలా నడిపించడు. చిన్న చిన్న పల్లవుల్లాంటివి కట్టి వాటిని తిప్పుతూ ఉంటాడు. ‘బట్ నాట్ ఫర్ మీ’ మొదటి నిమిషంలో పియానో పైమెట్లలో రెండు మూడు స్వరాలు చిలకరించి తప్పుకుంటుంది. అప్పుడు కింద బేస్‌లో ఏం జరుగుతోందో వినండి. పాడుకోదగ్గ వరస వినిపిస్తుంది. మీరు పియానోలో వెతుకుతున్న గొంతు అక్కడుంది.

జమాల్ పియానో మూడోసారికి వినండి. అప్పటికి ఆయన ఎందుకు ఆగుతున్నాడో వేరే చెప్పక్కర్లేదు.

ఇంకొక్క సంగతి తెలిస్తే దారి తప్పరు. గెర్ష్విన్ కట్టిన ‘బట్ నాట్ ఫర్ మీ’ 32 బార్ల పాట, బారుకి నాలుగు మాత్రలు. మొత్తం 128 మాత్రలు, మామగారి లెక్కలో ఆది తాళం పదహారు ఆవర్తాలు. అది ఒక చుట్టు. చుట్టు పూర్తవగానే మళ్ళీ మొదటికి వస్తారు. తిరిగేది తాళం ఒక్కటే కాదు, కార్డ్‌ల (ఒకేసారి కలిపి పలికే స్వరాల గుత్తుల) వరస కూడా అదే క్రమంలో తిరుగుతుంది. మన దగ్గర మనోధర్మం రాగం మీదా తాళం మీదా నిలబడితే, వీళ్ళది ఆ కార్డ్‌ల వరస మీద నిలబడుతుంది. ఇళయరాజా పాటల్లో చరణం కింద బేస్ గిటార్ ఎటు పోతోందో గమనించే అలవాటు మీకుంటే, ఇది కూడా తొందరగానే పట్టుబడుతుంది.

అయితే జమాల్ ఈ చుట్టు పద్ధతికి కూడా బుద్ధిగా కట్టుబడి ఉండడు. మధ్యలో పాటని ఆపి చిన్న ముక్క ఒకటి పట్టుకుని తిప్పుతాడు, వాంప్ అంటారు దాన్ని. కాసేపు దాని మీదే ఊరించి, వదిలేసి, మళ్ళీ పాటలోకి దూకుతాడు. ఎప్పుడు దూకాలో మిగతా ఇద్దరికి ఎలా తెలుస్తుంది? సైగలతో. వేలు చూపిస్తే ఒక భాగం, చెయ్యి ఊపితే ఇంకో భాగం. ఆయన వీడియోలు చూస్తే పియానో వాయిస్తూనే బృందాన్ని నడిపించడం కనపడుతుంది. ముగ్గురు మనుషుల్ని చిన్న ఆర్కెస్ట్రా లెక్కన వాడుకున్నాడు. రాత్రి తర్వాత రాత్రి ఒకే లౌంజ్‌లో ఆ ముగ్గురే వాయించబట్టి ఆ సైగలు అంత నున్నగా అమిరాయి. రికార్డు చేసినవి నలభైకి పైగా పాటలు, ఆయన ఏరి మనకిచ్చినవి ఎనిమిదే. ఆ ఏరడంలో కూడా ఆయన పొదుపు కనిపిస్తుంది.

ఇప్పుడు మీ ఊరి సంగతి. పిట్స్‌బర్గ్ అంటే మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేది పెన్ హిల్స్ వేంకటేశ్వరస్వామి. ఆ గుడికి ఎంతో దూరం లేని హోమ్‌వుడ్‌లో వెస్టింగ్‌హౌస్ హైస్కూలు ఉంది. జమాల్ అందులో చదివాడు. ఆయనకంటే ముందు జాజ్ పియానిస్టులు బిల్లీ స్ట్రేహార్న్, ఎరాల్ గార్నర్ చదివిందీ అక్కడే. బేసిస్టు రే బ్రౌన్, డ్రమ్మర్లు కెన్నీ క్లార్క్, ఆర్ట్ బ్లేకీ కూడా ఆ ఊరివాళ్ళే. ఉక్కు ఫ్యాక్టరీల ఊళ్ళో ఇంతమంది ఎలా పుట్టుకొచ్చారో అది వేరే కథ. జమాల్ 1930 జూలై 2న పుట్టాడు, అప్పటి పేరు ఫ్రెడరిక్ రస్సెల్ జోన్స్. ఇస్లాం తీసుకున్నాక పేరు మార్చుకున్నాడు. మూడేళ్ళ వయసులో మేనమామో బాబాయో ఒకాయన పియానో వాయిస్తూ “ఇలా వాయించగలవా?” అని ఆటపట్టిస్తే, అన్నది అన్నట్టు వాయించేశాడట. ఏడేళ్ళకి మేరీ కార్డ్‌వెల్ డాసన్ దగ్గర చేరాడు. ఆవిడ తర్వాత నల్లవాళ్ళకంటూ ఒక జాతీయ ఒపేరా సంస్థ పెట్టిన మనిషి. అంటే యూరప్ శాస్త్రీయ సంగీతకర్తలు లిస్ట్, రవెల్ ఒక చేతిలో, జాజ్ దిగ్గజం డ్యూక్ ఎలింగ్టన్ ఇంకో చేతిలో పెట్టుకుని పెరిగాడు. జాజ్ అన్న మాటే ఆయనకి నచ్చేది కాదు. అమెరికన్ శాస్త్రీయ సంగీతం అనేవాడు. మన విద్వాంసులు వింటే తప్పుపట్టరనుకుంటాను.

ఆ పెద్దాయనకి ఏం చెప్పాలంటారా? ఉన్నదున్నట్టు చెప్పండి. “మొదట లాబీ సంగీతంలా అనిపించింది, మా మామగారేమో డ్రమ్మర్ వెంట పడ్డారు” అనండి. ప్రాణంగా చూసుకున్న రికార్డుని ఇచ్చేసిన మనిషికి “చాలా బాగుంది, థాంక్యూ” అనే మాటతో కడుపు నిండదు. వర్నెల్ ఫోర్నియర్ పేరు ఎత్తి చూడండి, ఫోన్ గంట దాకా పెట్టరు. వీలైతే ఒక ఆదివారం భోజనానికి పిలిచి మామగారి పక్కన కూర్చోబెట్టండి. భాష కుదరకపోయినా ఫర్వాలేదు, దరువు ఉందిగా.

తర్వాత ఏం వినాలన్నదానికి, ఆల్బమ్‌ల జాబితా పట్టుకోకుండా ఒక్క పాట పట్టుకోమంటాను. అదే ‘పాయిన్సియానా’. జమాల్ దాన్ని జన్మంతా వాయించాడు. 1955లో చేసిన రూపంలో డ్రమ్స్ లేవు, రే క్రాఫర్డ్ గిటార్ ఉంది. అప్పట్లో ఆయన ట్రియో అంటే పియానో, గిటార్, బేస్. క్రాఫర్డ్ గిటార్ తీగల్ని కొట్టి బాంగో డ్రమ్ములాంటి చప్పుడు పుట్టించేవాడు. అది విన్నాక 1958 రూపంలో ఫోర్నియర్ ఏం తెచ్చాడో బాగా అర్థమవుతుంది. తర్వాత 1971లో స్విట్జర్లాండ్‌లో మాంత్రో ఉత్సవంలో వాయించింది ‘ఫ్రీఫ్లైట్’ ఆల్బమ్‌లో ఉంది. అక్కడ జమాల్ వేరే మనిషి. బేస్ మీద జమిల్ నాసర్, డ్రమ్స్ మీద ఫ్రాంక్ గాంట్, అలలు అలలుగా వచ్చి పడే వాయింపు, పర్షింగ్ నాటి పొదుపు పెద్దగా కనపడదు. చివరిది 2019లో వచ్చిన ‘బాలడ్స్’. అప్పటికి ఆయనకి ఎనభై తొమ్మిదేళ్ళు. ఎక్కువ భాగం ఒంటరి పియానో, కొన్నింటికి జేమ్స్ కమ్మాక్ బేస్, డ్రమ్స్ ఊసే లేదు. అయినా ఫోర్నియర్ దరువు మీ తలలో మోగుతూనే ఉంటుంది. ఈ నాలుగూ వరసగా ఒక సాయంత్రం వినండి. ఒక మనిషి అరవై ఏళ్ళు ఒకే పాటతో కాపురం చేస్తే ఏమవుతుందో తెలుస్తుంది.

దాని తర్వాత ఆ ముగ్గురివే ఇంకొన్ని. 1958 సెప్టెంబర్‌లో వాషింగ్టన్‌లోని స్పాట్‌లైట్ క్లబ్‌లో చేసిన కచేరీ ‘పోర్ట్‌ఫోలియో ఆఫ్ అహ్మద్ జమాల్’గా వచ్చింది. నాకు పర్షింగ్ కంటే ఇదే ఎక్కువ ఇష్టం. క్రాస్బీ ఇక్కడ ఇంకా స్వేచ్ఛగా ఉంటాడు. తర్వాతి తరం పియానిస్టు కీత్ జారెట్‌ని కుర్రతనంలో కదిలించిన రికార్డుల్లో ఇది ఒకటని ఆయనే చెప్పాడు. 1980ల నుంచి జారెట్ నడిపిన ట్రియో పాత పాటల్ని ఎలా విప్పుకుంటూ పోయిందో ఎప్పుడైనా వింటే, ఈ రికార్డు నీడ కనపడుతుంది.

1961లో జమాల్ షికాగోలో అల్హంబ్రా పేరుతో సొంతంగా రెస్టారెంటు, క్లబ్బు తెరిచాడు. అక్కడ మందు అమ్మనని పట్టుబట్టాడు. నైట్‌క్లబ్బు వ్యాపారంలో అది ఎన్నాళ్ళు నడుస్తుందో ఊహించుకోండి. త్వరగానే మూతబడింది గానీ అందులో చేసిన ‘అల్హంబ్రా’ రికార్డు మిగిలింది. 1962 మొదట్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ‘బ్లాక్‌హాక్’ కచేరీ చేశారు. దాని తర్వాత ట్రియో విడిపోయింది. క్రాస్బీ, ఫోర్నియర్ ఇద్దరూ ఇంకో పియానిస్టు జార్జ్ షీరింగ్ దగ్గర చేరారు. ఆ ఏడాది ఆగస్టులో క్రాస్బీ గుండెజబ్బుతో పోయాడు. నలభై మూడేళ్ళు.

జమాల్ చేసిన మంచి పనంతా ఆ ముగ్గురి రోజుల్లోనే అయిపోయిందనే మాట చాలామంది నోట వింటారు. బహుశా మీ పెద్దాయన కూడా అదే అంటారు. నేను ఒప్పుకోను. 1970లో వచ్చిన ‘ది అవేకెనింగ్’ వినండి. నాసర్, గాంట్ పక్కన ఉన్నారు. హెర్బీ హాన్‌కాక్ ‘డాల్ఫిన్ డాన్స్’, జోబిమ్ ‘వేవ్’, ఆలివర్ నెల్సన్ ‘స్టోలెన్ మూమెంట్స్’ అందులో ఉన్నాయి. పర్షింగ్ రికార్డులో ఖాళీలు ఎక్కువ, ఇక్కడ అంచనాకి అందని మలుపులు ఎక్కువ. ఇంట్లో కాలేజీ వయసు పిల్లలుంటే వాళ్ళకి ‘ఐ లవ్ మ్యూజిక్’ వినిపించండి, ఎక్కడో విన్నట్టుందే అంటారు. 1994లో ర్యాపర్ నాస్ పాట ‘ది వరల్డ్ ఈజ్ యువర్స్’ కోసం పీట్ రాక్ అందులోంచే ఒక ముక్క తీసి తిప్పాడు. తిప్పడానికి జమాల్ కంటే వీలైన పియానిస్టు దొరకడు మరి. ముక్కని పట్టుకుని తిప్పడం ఆయన 1958లోనే మొదలెట్టాడు.

1970ల్లో ఆయన ఎలక్ట్రిక్ పియానో మీద చేసిన వాటి జోలికి ఇప్పుడే వెళ్ళకండి. కొన్ని బాగుంటాయి, చాలావాటికి ఆ కాలపు వాసన గట్టిగా పట్టేసింది.

ఇక ముసలితనం. ఇక్కడ మీకు ఒక చిన్న ఆశ్చర్యం ఉంది. వయసు పెరిగేకొద్దీ మనుషులు నెమ్మదిస్తారనుకుంటాం కదా, జమాల్ వాయింపు బరువెక్కింది. యువకుడిగా చిలకరించినవాడు పెద్దయ్యాక ఎడమచేత్తో ఉరిమాడు. ఒక మెరుపు తీగ, వెంటనే నిశ్శబ్దం, దాని మీద ఒక పిడిగుద్దు. మీలా నెమ్మదైన రికార్డుతో మొదలుపెట్టినవాళ్ళకి తిన్నగా వీటిలోకి దూకితే అదిరిపాటుగా ఉంటుంది. 1992లో షికాగోలో జో సీగల్ నడిపిన జాజ్ షోకేస్ క్లబ్‌లో చేసిన ‘షికాగో రివిజిటెడ్’ మంచి వంతెన. జాన్ హర్డ్ బేస్, యొరాన్ ఇజ్రాయెల్ డ్రమ్స్, అచ్చమైన ట్రియో. అది నచ్చితే 2003లో వచ్చిన ‘ఇన్ సెర్చ్ ఆఫ్ మొమెంటమ్’. అందులో కమ్మాక్ బేస్, డ్రమ్స్ ఇడ్రిస్ ముహమ్మద్. ఈ ఇడ్రిస్ కూడా న్యూ ఆర్లీన్సే. జమాల్ దగ్గర వాయించిన ఇంకో డ్రమ్మర్ హర్లిన్ రైలీ కూడా అక్కడివాడే. ఫోర్నియర్ వెళ్ళిపోయాక కూడా మళ్ళీ మళ్ళీ ఆ ఊరి మనుషుల్ని తెచ్చుకున్నాడంటే, ‘పాయిన్సియానా’ దరువు ఆయనలో ఎంత లోపలికి ఇంకిందో చూడండి. మీ మామగారికి ఇడ్రిస్‌ని తప్పకుండా వినిపించండి.

చివరి దశాబ్దంలో చేసిన ‘బ్లూ మూన్’, ‘మార్సే’ లాంటివి నిజానికి ట్రియోలు కావు. మనోలో బద్రేనా తాళవాద్యాలతో నలుగురయ్యారు. నాకైతే ఆ నాలుగో మనిషి ఒక్కోసారి జమాల్ వదిలిన ఖాళీలన్నీ పూడ్చేస్తున్నట్టు ఉంటుంది. ఆ చిటపటలు నచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు, కాబట్టి వినకుండా కొనకండి. ‘మార్సే’ ఆల్బమ్‌లో ఆ పేరుతోనే ఉన్న పాట ఒక్కటి చాలు, నచ్చుతుందో లేదో తేలిపోతుంది.

కొత్తగా బయటికొచ్చిన పాత సరుకు కూడా ఉంది. 1960ల్లో సియాటిల్‌లోని పెంట్‌హౌస్ క్లబ్ నుంచి రేడియోలో వచ్చిన కచేరీల టేపుల్ని ‘ఎమరాల్డ్ సిటీ నైట్స్’ పేరుతో 2022 చివర్లో విడుదల చేశారు. తొంభై రెండేళ్ళ జమాల్ దగ్గరుండి చూసుకున్న పని అది. 2023 ఏప్రిల్ 16న ఆయన పోయాడు. క్రాస్బీ పోయాక, ‘అవేకెనింగ్’కి ముందు ఆయన ఏం చేశాడన్నది అదివరకు అంతగా తెలిసేది కాదు. ఆ సందుని ఈ రికార్డులు పూడ్చాయి. పర్షింగ్ పొదుపు పోయి తుఫాను రావడం అందులో రాత్రి రాత్రికీ వినపడుతుంది. అయితే ఇవి మీకు ఇంకా తొందర. ముందు చెప్పినవన్నీ అయ్యాక చూద్దురుగాని.

తొమ్మిది సీడీల పెట్టె మాత్రం కొనకండి. మీరు చూసింది 1956 నుంచి 1962 వరకు ఆర్గో కంపెనీకి చేసినవన్నీ కలిపి మొజాయిక్ అనే రికార్డు కంపెనీ వాళ్ళు లెక్క పెట్టి కొన్ని ప్రతులే వేసిన సెట్టు అయి ఉంటుంది. ఇప్పుడు చేతులు మారిన ప్రతులే దొరుకుతాయి, ధర కూడా అలాగే ఉంటుంది. ఒక రికార్డుతో ఇంకా చనువు కుదరనివాళ్ళు అన్నీ ఒకేసారి తెచ్చుకుంటే అది అలమరలో అలంకారమై కూర్చుంటుంది. అదే కాలానికి ‘క్రాస్ కంట్రీ టూర్ 1958–1961’ అని రెండు సీడీల సంకలనం ఉంది. పర్షింగ్, స్పాట్‌లైట్, అల్హంబ్రా కచేరీల నుంచి ఏరినవి. చాలు. కొనేముందు అట్ట వెనక తేదీ, చోటు, ముగ్గురి పేర్లు చదువుకోండి. పర్షింగ్ కచేరీ ఒక్కటే రకరకాల పేర్లతో, కొత్త కొత్త అట్టలతో ఎన్నోసార్లు బయటికొచ్చింది. 1958 జనవరి, క్రాస్బీ, ఫోర్నియర్ అని కనపడితే లోపలి పాటల పేర్లు కూడా సరిచూడండి. మీ ఎల్పీలో లేనివి ఉంటేనే డబ్బు పెట్టండి. ఆ రాత్రి ఏరగా మిగిలిన వాటితో తర్వాత రెండో సంపుటం కూడా వచ్చింది, దొరికితే అది వదలకండి.